మోకాలి గుజ్జు – సూది మందు

వెల్దుర్తి, దుర్గి, మాచర్ల ప్రాంతాలలో మిరపకోతలు ముగిసే నాటికి మోకాళ్ళ నొప్పుల ప్రస్తావన లేని ఇల్లు అరుదు. తెల్లవారినది మొదలు పొద్దు వాలే దాకా వంగియో, గొంతుకూర్చునియో కాయ కోసే స్త్రీలకు నడుము, మోకాలు, మణికట్టు ఈ మూడూ ఒకేసారి మొరపెట్టుకుంటాయి. వైద్యుని దగ్గరకు వెళ్ళిన వారికి సాధారణంగా వినవచ్చే మాట "గుజ్జు అరిగిపోయింది" అన్నది. ఆ వెంట ఇటీవల మరొక మాట కూడ వినవస్తున్నది: "గుజ్జు పెంచే సూది ఉన్నది." ఆ సూదిలో ఉండేదేమి, అది చేయగలిగినదెంత అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. మిరప అమ్మిన సొమ్ములో పెద్దభాగం దానికి వెచ్చించే కుటుంబాలున్నవి కనుక ఈ పరిశీలన అవసరమని మా అభిప్రాయం.

ముందుగా ఆ 'గుజ్జు' అనే మాటనే చూతము. మామిడిపండు గుజ్జు వలె అది మెత్తని ముద్ద అనీ, తరిగితే మరల నింపవచ్చుననీ ఆ మాట వలన తోచును. నిజానికి ఎముకల చివరలను కప్పి ఉండునది నున్నని, గట్టి పొర. దానిని శాస్త్రంలో మృదులాస్థి అంటారు. దానిలో రక్తనాళాలు లేవు, నాడులు లేవు. కీలులోని జిగురు ద్రవం నుండియే అది పోషణ పొందును. చర్మం తెగితే అచటికి రక్తం చేరును, గడ్డకట్టును, మాను పని మొదలగును. రక్తమే చేరని చోట ఆ పని మొదలు కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలకు రక్తప్రసారం ఉన్నా అది స్వల్పం. మడమ వెనుక నరం, మోచేతి వెలుపలి నొప్పి నెలల తరబడి వేధించుటకు ఇది ఒక కారణం. (మనవారు వాడుకలో 'నరం' అనునది తరచు ఈ స్నాయుబంధనమే.) పునరుత్పత్తి చికిత్సలని పేరుపొందిన సూదుల వెనుక ఉన్న ఆలోచన ఇది: రక్తం తనంతట చేరని చోటికి మానే శక్తిని మనమే సూదితో చేర్చరాదా? ఆలోచన సొగసైనదే.

దీనికి ముందు కీలులోకి మరొక సూది వచ్చినది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో మంచం పట్టిన రోగికి కార్టిసోన్ ఇవ్వగా కొద్ది దినాలలోనే లేచి నడిచిన ఘట్టం లోకవిదితం. 1950లో ఆయనకూ, కెండాల్, రైష్‌టైన్‌లకూ నోబెల్ బహుమతి లభించినది. 1951 నాటికి ఆ జాతి మందును నేరుగా కీలులోకి ఎక్కించుట వాడుకలోకి వచ్చినది. ఇది వాపును అణచును, కొన్ని వారాలు సుఖమిచ్చును. అరిగిన పొరను పెంచదు. 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో 140 మంది మోకాళ్ళకు రెండేళ్ళపాటు పన్నెండు వారాలకొకసారి స్టెరాయిడు గాని, ఉప్పునీరు గాని ఎక్కించినారు. నొప్పిలో తేడా లేదు; మృదులాస్థి మాత్రం స్టెరాయిడు పొందిన వారిలోనే ఎక్కువ తరిగినది. పేరు చెప్పకుండ, చీటీ వ్రాయకుండ వేసే 'నొప్పి సూది' తరచు ఇదే కావచ్చును. మధుమేహం గలవారికి దీనివలన కొన్ని దినాలు రక్తంలో చక్కెర పెరుగును కనుక అడిగి తెలుసుకొనుట అత్యవసరం.

కీలులోని జిగురుకు మూలమైన హైల్యురోనిక్ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఎద్దు కంటి నుండి వేరుచేసినారు. పిమ్మట దానిని కోడిపుంజుల తురాయిల నుండి విస్తారంగా తీసి మోకాళ్ళకు సూదిమందుగా చేసినారు. కోడిపందెం కారణంగా యుద్ధం జరిగిన గడ్డ మనది. ఆ పుంజు తలమీది తురాయి మోకాలి మందు కాగలదని బ్రహ్మనాయుడు గాని, నాగమ్మ గాని ఊహించి ఉండరు! ఇప్పుడు సూక్ష్మజీవుల చేత కూడ దీనిని తయారు చేయిస్తున్నారు. అయితే దీని మేలు స్వల్పమేనని పరీక్షలలో తేలినందున 2022లో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య మార్గదర్శకాలు దీనిని ఇవ్వవద్దన్నవి.

జార్జి హాకెట్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు 1950ల దశకంలో ప్రోలోథెరపీ అనే విధానానికి ఆ పేరు పెట్టెను. గాఢమైన చక్కెర ద్రావణాన్ని బంధనాలు ఎముకకు అంటుకొనే చోట ఎక్కించి స్వల్పమైన మంట పుట్టించి, ఆ మంట ద్వారా కొత్త కణజాలాన్ని రప్పింపజూచుట దీని సారం. చిన్న పరీక్షలలో కొంత మేలు కనబడినది. అంతకుమించి చెప్పుటకు తగిన ఆధారం లేదు.

నేడు మన పట్టణాలలో ఎక్కువగా వినబడునది పి.ఆర్.పి., అనగా రక్తఫలకికలు అధికంగా గల ప్లాస్మా. రోగి చేతినుండే కొంత రక్తం తీసి, వేగంగా తిరిగే యంత్రంలో ఉంచుదురు. మజ్జిగ చిలికినపుడు వెన్న వేరైనట్లు, బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరి, పసుపువన్నె ప్లాస్మా పైకి తేలును. ఆరోగ్యవంతుని రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఫలకికలుండును. ఈ ద్రవంలో అంతకు కొన్ని రెట్లుండును. గాయమైన చోట ఫలకికలు పగిలి, కణాలను రప్పించే, పెంచే కారకాలను విడుదల చేయుననుట సత్యం. 1998లో రాబర్ట్ మార్క్స్ అనే దంత శస్త్రవైద్యుడు దవడ ఎముక అతుకులలో దీనిని వాడి ప్రచురించిన పిమ్మట ఆటగాళ్ళ గాయాలకు, అచట నుండి మోకాళ్ళకు ఇది ప్రాకినది.

పరీక్షలు ఏమి చెప్పినవి? 2010లో నెదర్లాండ్స్‌లో మడమ స్నాయుబంధనం నొప్పి గల 54 మందిలో కొందరికి ఈ ప్లాస్మా, కొందరికి ఉప్పునీరు ఇచ్చి, అందరిచేతను వ్యాయామం చేయించినారు. ఆరునెలల నాటికి రెండు వర్గాల మధ్య గణనీయమైన తేడా లేదు. 2021లో ఆస్ట్రేలియాలో మోకాలి అరుగుదల గల 288 మందిపై జరిగిన పరీక్ష మరింత విలువైనది. వారానికొకటి చొప్పున మూడు సూదులు. ఏది ప్లాస్మాయో, ఏది ఉప్పునీరో రోగికి తెలియదు. పదికి లెక్కించే నొప్పి ఏడాది పిమ్మట ప్లాస్మా పొందినవారిలో 2.1, ఉప్పునీరు పొందినవారిలో 1.8 మేరకు తగ్గినది. మృదులాస్థి ఒక వర్గంలో 1.4 శాతం, మరొక వర్గంలో 1.2 శాతం తరిగినది. గుజ్జు పెరుగలేదు.

ఈ అంకెలలో విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపవలసినది ఉప్పునీటి ప్రభావం. ఏ మందూ లేని నీటికి నొప్పి అంతగా తగ్గినపుడు, "నాకు సూది వేసిన తరువాత తగ్గింది" అనే పొరుగువారి మాట అబద్ధం కాకపోయినా ఆధారం కాజాలదు. నొప్పి ముదిరినపుడే మనం వైద్యుని వద్దకు వెళ్తాము. ముదిరిన నొప్పి కొంత తనంతట తగ్గును. దేనితో పోల్చినారన్నది కూడ ముఖ్యం. మోచేతి నొప్పిలో స్టెరాయిడు కంటె ఈ ప్లాస్మా ఏడాది నాటికి మేలైనదని ఒక పరీక్షలో కనబడినది. కాని స్టెరాయిడు పొందినవారు ఏడాది నాటికి ఏమీ చేయించుకోనివారి కంటె వెనుకబడుదురని వేరు పరీక్షలు తెల్పినవి. కుంటివానితో పరుగుపందెం గెలిచినవాని వేగం ఎట్లు తెలియును? 2021లో మోచేతి పరీక్షలన్నింటినీ కూర్చి చూచిన కోక్రేన్ సమీక్షలో ప్లాస్మా వలన చెప్పుకోదగిన మేలు లేదనియే తేలినది. మోకాలి విషయంలో అనుకూలంగా వచ్చిన చిన్న పరీక్షలు లేకపోలేదు; తయారీ పద్ధతి ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉండుట వలన వాదం ముగియలేదు.

మూలకణాల పేర జరుగు వ్యాపారం మరింత జాగ్రత్త కోరును. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవన్నీ అనుమతి పొందిన పరీక్షలలోనే జరుగవలెను. తరువాత 2022లో బెంగుళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ తయారీకి, దాతల ఎముకమజ్జ నుండి తీసిన కణాలకు, మోకాలి అరుగుదల విషయంలో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించినది. అంతమాత్రాన ఊరూరా అదే పేరుతో వేసే సూదులన్నిటికీ అనుమతి ఉన్నదనుకొనరాదు. పునరుత్పత్తి వైద్యం నిజంగా ఫలించిన చోటు తెలుగునేలపైనే కలదు: హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో మంచి కంటి అంచు నుండి చిన్న ముక్క తీసి, రసాయనాలతో కాలిన కంటి నల్లగుడ్డుపై నాటి చూపు తెప్పిస్తున్నారు. ఏ కణం, ఏ చోట, ఏ లోపానికి అన్నది అచట స్పష్టం. మోకాలిలో ఆ స్పష్టత ఇంకా రాలేదు.

సూది కంటె ముందు తేలవలసినది నొప్పి ఏ జాతిదన్నది. కీళ్ళనొప్పులన్నీ అరుగుదల కావు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసే జబ్బును 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో పరిశీలించి ప్రకటించినారు. అవి పల్నాటికి దూరమైనవి కావు. దానికి కావలసినది మంచినీరు. బొటనవ్రేలు ఎర్రగా వాచే గౌటు నొప్పికి యునానీ హకీములు వాడిన సూరంజాన్ జాతి దుంపలోని కాల్చిసిన్‌నే నేటి వైద్యులూ ఇస్తున్నారు. ఉదయం గంటసేపు వ్రేళ్ళు బిగిసి, రెండు చేతుల చిన్న కీళ్ళు వాచినచో అది కీళ్ళవాతం. ఆలస్యమైనకొద్దీ కీలు శాశ్వతంగా పాడగును. దానికి నేటికీ మొదటి మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన ఔషధాల వంశంలోనిది అది. వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకొనవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకొన్నచో ప్రాణాపాయం.

నిజమైన అరుగుదలకు చౌకైన మార్గం తొడ కండరాల వ్యాయామం. పీటపై కూర్చుని కాలు తిన్నగా చాచి కొద్దిసేపు నిలిపి దించుట వెల్దుర్తి వసారాలో కూడ సాధ్యమే. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గినచో అడుగడుగుకూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గునని 2005లో కొలిచి చూపినారు. మడమ నొప్పికి స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా దించే వ్యాయామాన్ని పన్నెండు వారాలు చేయించి పదిహేను మందిని తిరిగి పరుగెత్తించెను. మోకాలు పూర్తిగా చెడి వంకరలు పోయినవారికి శస్త్రచికిత్స కలదు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాళ్ళ ధరలకు పరిమితి విధించినది. ఇవన్నీ విన్న తరువాత కూడ సూది వేయించుకొనదలచినవారు సీసాపై ఉన్న పేరును చీటీపై వ్రాయించుకొని, సూది వేసిన కీలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినచో తెల్లవారేదాకా ఆగక ఆనాడే ఆసుపత్రికి చేరవలెను.