కృష్ణబిలములు – రేడియో గెలాక్సీలు

1918వ సంవత్సరమున అమెరికాలోని లిక్ వేధశాలయందు కర్టిస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కన్యారాశిలోని ఎమ్ 87 గెలాక్సీ ఛాయాచిత్రమును పరిశీలించుచుండెను. దాని కేంద్రమునుండి తిన్నని గీతవలె ఒక కాంతిరేఖ వెలువడుచుండెను. అది ఏమో ఆనాడు ఎవరికిని తెలియదు.

ఎమ్ 87 ఒక రేడియో గెలాక్సీ. కంటికి కానరాని రేడియో తరంగములను విస్తారముగా వెదజల్లు గెలాక్సీలకు ఈ పేరు కలిగినది. ఈ శక్తికి మూలము వాని నడుమనున్న కృష్ణబిలము. దానిలో పడిన వెలుగు సయితము వెలికి రాజాలదు. మరి ఈ శక్తి ఎట్లు వచ్చుచున్నది? బిలమువైపు లాగబడిన వాయువు దానిచుట్టు చక్రమువలె తిరుగుచు మిక్కిలి వేడెక్కును. అందు కొంత పదార్థము లోపల పడకముందే, అయస్కాంత క్షేత్రముల బలముచే, రెండు ఎదురు దిక్కులకు ధారలుగా చిమ్మబడును. ధారలలోని ఎలక్ట్రానులు ఆ క్షేత్రములలో సుడులు తిరుగుచు రేడియో తరంగములను వెలువరించును.

1974లో ఫానరాఫ్, రైలీ అను శాస్త్రజ్ఞులు ఈ గెలాక్సీలను రెండు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతిలో రేడియో ప్రకాశము కేంద్రముచెంత హెచ్చుగానుండి, దూరము పోయినకొలది క్షీణించును. ఎమ్ 87 ఇట్టిది. రెండవ తరగతిలో కొసలే మిక్కిలి ప్రకాశించును. హంస నక్షత్రరాశిలోని సిగ్నస్ ఎ ఇందుకు ఉదాహరణము. దాని రెండు కొసల నడుమ దూరము నాలుగు లక్షల కాంతిసంవత్సరములకు మించినది.

ఈ భేదమునకు కారణమేమి? ఉద్ధృతమైన ఏరు దూరము పరుగిడి గట్టును ఢీకొని నురుగులు చిమ్మును. ఉద్ధృతి లేని ఏరు ఇసుకలో పరచుకొని మందగించును. బలమైన ధారయు అట్లే వేగము తగ్గక పోయి, కొసయందు వాయువును ఢీకొని వెలుగును. బలహీనమైనది దారిలోని వాయువును కలుపుకొని వేగము కోల్పోవును. ధార బలమేకాక, దారిలోని వాయువు సాంద్రతయు రూపమును నిర్ణయించును.

2019లో ఎమ్ 87 నడుమనున్న కృష్ణబిలపు నీడను శాస్త్రజ్ఞులు తొలిసారి లోకమునకు చూపిరి. దాని ద్రవ్యరాశి సుమారు 650 కోట్ల సూర్యులకు సమానము. కర్టిస్ చూచిన గీత ఆ బిలము పంపిన ధారయే. ఆ గీతను చూచిన నాటినుండి బిలపు నీడను చూచుటకు శాస్త్రమునకు నూరేండ్లు పట్టినది.