కోచ్‌లను తిప్పడం గురించి మేనల్లుడికి

నందిగామ,
మే నెల



అల్లుడూ, నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే చెప్పేవాణ్ణి. కానీ నీ పక్కన పిల్లల గోల, మధ్యమధ్యలో విజిల్. సగం నీకు వినపడదు, సగం నాకు వినపడదు. అందుకని రాస్తున్నా. చదివాక నీ అసిస్టెంట్లకు కూడా చదివి వినిపించు, నాకేం అభ్యంతరం లేదు.

జగ్గయ్యపేటలో నీ వేసవి శిబిరంలో బ్యాకులకు ఒకరు, హాఫులకు ఒకరు, ఫార్వర్డులకు ఒకరు ఉన్నారన్నావు. మీ కుర్రాళ్ళు డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, స్ట్రైకర్లు అంటారు గానీ నాకు పాత పేర్లే నోటికొస్తాయి. గోల్ కీపర్లకు వేరే మనిషి ఉన్నాడు. వీళ్ళను గుంపులు మార్చి తిప్పాలా, ఎవరి గుంపును వాళ్ళకే వదిలెయ్యాలా అన్నది నీ సందేహం. తిప్పు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఎప్పుడు తిప్పాలి, ఎంత తిప్పాలి, ఎవర్ని తిప్పకూడదు అన్న దగ్గరే జాగ్రత్త కావాలి.

ఎందుకు తిప్పమంటున్నానో ముందు చెప్తా. మన పిల్లల మీద పడే గోల్స్ ఒకసారి గుర్తు తెచ్చుకో. ఫార్వర్డ్ చేతగాక పోయినవి తక్కువ, బ్యాక్ చేతగాక పోయినవీ తక్కువే. ఎక్కువ గోల్స్ బ్యాకులకూ హాఫులకూ మధ్యనున్న ఆ పది గజాల ఖాళీలో పుడతాయి. బ్యాకుల కోచ్ 'బంతి పోగానే వెనక్కి రండి, లైన్ కట్టండి' అని నేర్పుతాడు. హాఫుల కోచ్ 'బంతి పోగానే మీద పడండి, ఊపిరి ఆడనివ్వకండి' అని నేర్పుతాడు. విడివిడిగా చూస్తే ఇద్దరు చెప్పిందీ సరైనదే. మ్యాచ్‌లో హాఫులు ముందుకురికి, బ్యాకులు వెనక్కి జరిగి, నడుమ ఎడ్లబండి తిరిగేంత చోటు ఖాళీ అవుతుంది. అవతలి కుర్రాడు అక్కడ నిలబడి తాపీగా తిరిగి కొడతాడు. అప్పుడు బ్యాకుల కోచ్ హాఫుల వైపు చూస్తాడు, హాఫుల కోచ్ బ్యాకుల వైపు చూస్తాడు. ఆ ఖాళీ ఎవరి గుంపులోనూ లేదు కాబట్టి ఎవరూ దానికి ప్రాక్టీసు చేయించి ఉండరు. హాఫుల కోచ్‌ను పదిహేను రోజులు బ్యాకుల దగ్గర నిలబెట్టు. తన పిల్లలు ఎగబడి పోతే వెనక ఉన్నవాళ్ళ గతి ఏమవుతుందో వాడికి అక్కడి నుంచే కనపడుతుంది. నువ్వు బోర్డు మీద ఎన్ని బాణాలు గీసినా అంత తెలియదు.

ఇంకో లాభం కూడా ఉంది. మన దగ్గర కుర్రాడికి పన్నెండేళ్ళకే పేరు పెట్టేస్తాం. ఒళ్ళున్నవాడు బ్యాక్, బక్కపలచగా ఉండి పరిగెత్తేవాడు ఫార్వర్డ్, ఎటూ కానివాడు గోల్. అదే కోచ్ చేతిలో మూడేళ్ళుంటే ఆ పేరు మారదు. కొత్త కోచ్ వచ్చి చూస్తే 'వీడు ఇక్కడెందుకున్నాడు?' అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమైనా తిప్పాలి. ఉదాహరణకు, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరిన పీటర్ తంగరాజ్ మొదట సెంటర్ ఫార్వర్డ్. తరవాత గోల్‌లోకి మారాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన జట్టు గోల్‌లో ఉన్నవాడు ఆయనే.

ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మీద అజయ్ దేవగణ్ సినిమా వచ్చాక మీ కుర్రాళ్ళకు తెలిసింది గానీ, మా తరానికి ఆ పేరు ముందే తెలుసు. వృత్తికి బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలబడింది. జకార్తాలో మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తరవాత మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. ఆయన సెంటర్ బ్యాక్, జట్టుకు గోడలాంటివాడు. రహీం ఆయన్ను ఇంటికి పంపకుండా, తలకు కట్టుతోనే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా మీద మనం 2-1తో గెలిస్తే, ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది.

ఆ రోజుల్లో గుంపుకొక కోచ్ అనే వైభవం మన దేశంలో లేదు. రహీం అందర్నీ తానే చూసేవాడు కాబట్టి బ్యాక్‌లో ఉన్న ఫార్వర్డ్ ఆయనకు కనిపించాడు. అలవాటు లేని కాలితో మాత్రమే ఆడాలి, ఒక్క తాకుతోనే పాస్ ఇవ్వాలి అని నియమాలు పెట్టి కుర్రాళ్ళకు టోర్నమెంట్లు నడిపినవాడు కూడా ఆయనే. అలవాటైన కాలు తీసేస్తే మనిషి రెండో కాలు వెతుక్కుంటాడు. నీ అసిస్టెంట్ల విషయంలో నువ్వు చెయ్యాల్సింది అదే. ఫార్వర్డులు తప్ప ఇంకేమీ తెలియని కోచ్‌కు ఆ ఫార్వర్డులను కాసేపు దూరం చెయ్యి.

డల్లాస్‌లో ఉన్న మన పెద్దోడి కొడుకు హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు కదా, అక్కడ ఒక్కో స్థానానికి ఒక్కో కోచ్ ఉంటాడట, ఎవరూ ఎవరి జోలికీ పోరట. ఆ ఆట వేరు. దాడి చేసే పదకొండు మంది వేరు, కాపాడే పదకొండు మంది వేరు. బంతి ముట్టకుండా ఎదుటివాణ్ణి ఆపడమే పనిగా ఉన్నవాళ్ళకూ, బంతి విసిరేవాడికీ నేర్పేది ఒకటెలా అవుతుంది? మన ఆటలో పదకొండు మందీ దాడి చెయ్యాలి, పదకొండు మందీ కాపాడాలి. అక్కడి పద్ధతి చూసి మురిసిపోయి ఇక్కడికి తేవద్దు.

గోల్ కీపర్ల కోచ్‌ను మాత్రం కదపకు. మే నెలలో మన నేల ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? డైవ్ చేసి ఎలా పడాలి, ముందు ఏది నేలకు తగలాలి అన్నది తెలియని కోచ్ చేతిలో పడితే పిల్లాడి మణికట్టు పోతుంది, భుజం పోతుంది. ఆ పని తెలిసినవాడే చూడాలి. అలాగని కీపర్లను మూలన పెట్టమని కాదు. 1992లో బ్యాక్‌పాస్ నిబంధన వచ్చింది. సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదు. 2019 నుంచి గోల్ కిక్ బంతి పెనాల్టీ ఏరియా దాటేదాకా ఆగక్కర్లేదు, లోపల నిలబడ్డ బ్యాకే అందుకోవచ్చు. అంటే ఇప్పుడు కీపర్ కూడా ఒక బ్యాకే. కాబట్టి మిగతా ముగ్గురూ వంతులవారీగా కీపర్ల దగ్గరికి వచ్చి కాళ్ళ పని చేయించాలి. వాళ్ళు ఈయన దగ్గరికి రావాలి తప్ప ఈయన కదలకూడదు.

ఇక తిప్పే పద్ధతి. వారం వారం అన్నావు, అది మరీ తొందర. పిల్లల పేర్లు నోటికొచ్చేసరికి వారం అయిపోతుంది. పదిహేను రోజులకొక విడత పెట్టుకో. బడులు తెరిచేలోగా అందరికీ కనీసం ఒక మార్పు వస్తుంది. అండర్ 14 పిల్లల దగ్గర ఇంకా స్వేచ్ఛగా తిప్పు. అండర్ 17 వాళ్ళకు స్కూల్ గేమ్స్ సెలక్షన్లు దగ్గరపడితే నెల ముందే ఆపేసి, ఎవరికి ఏది బాగా కుదిరిందో అక్కడ స్థిరం చెయ్యి. ఎప్పుడూ పక్క గుంపుకే పంపు. ఫార్వర్డుల నుంచి ఒకేసారి బ్యాకులకు గెంతిస్తే మధ్యలో ఉన్నదంతా తెలియకుండా పోతుంది.

తిప్పడానికి ముందు ఒక సాయంత్రం కూర్చుని అరుపులు కలుపుకోండి. నవ్వుకోకు, ఇది చాలా ముఖ్యం. ఒక కోచ్ దగ్గర 'వదిలెయ్' అంటే బంతిని కీపర్‌కు వదలమని, ఇంకో కోచ్ దగ్గర వెంటనే పాస్ ఇచ్చెయ్యమని. కోచ్ మారగానే పిల్లాడు అదే మాట విని ఇంకో పని చేస్తాడు, గోల్ పడుతుంది, తిట్లు పిల్లాడికి. పది పదిహేను మాటలు ఖాయం చేసి, అందరూ అవే అరవాలి.

కొత్త గుంపుకు వెళ్ళిన కోచ్ మొదటి రెండు పూటలూ ఏదీ మార్చకూడదు. పాత కోచ్ పక్కనే ఉండాలి. నచ్చనిది కనపడితే నీతో చెప్పాలి తప్ప, 'ఇదెవరు నేర్పార్రా మీకు?' అని పిల్లల ముందు అనకూడదు. ఆ ఒక్క మాటతో రెండేళ్ళ పని పోతుంది. ఒక నోటు పుస్తకం గుంపుతోనే ఉండనివ్వు. ఎవరికి మడమ నొప్పి, ఎవరు ఎడమ వైపు తిరగలేరు, ఎవరు తిడితే ముడుచుకుపోతారు, అన్నీ అందులో రాసుండాలి.

ఆ ముడుచుకుపోయే పిల్లల గురించే నీకు భయం, నాకు తెలుసు. ఒక సార్ దగ్గరే నోరు విప్పే పిల్లలుంటారు, ఆయన మారితే మైదానానికే రారు. దీనికి నాకు తోచిన మార్గం ఒకటుంది. స్థానాల గుంపులు వేరు, హాజరు జాబితాలు వేరు. ఒక్కో అసిస్టెంట్‌కు కొంతమంది పిల్లల్ని అప్పగించు. హాజరు, దెబ్బలు, ఇంట్లో వాళ్ళతో మాట్లాడటం, పరీక్షల సంగతి ఆయనవే. ఆ జాబితా ఏడాదంతా మారదు. ఆట నేర్పేవాడు మారినా, పలకరించేవాడు మారడు.

అసిస్టెంట్లకూ మనసుంటుంది. ఫార్వర్డుల కోచ్‌కు ఊళ్ళో పేరు ఎక్కువ, గోల్స్ కొట్టేది వాళ్ళే కాబట్టి తండ్రులంతా ఆయన చుట్టే చేరతారు. బ్యాకుల దగ్గరికి పంపితే తనను తగ్గించావనుకుంటాడు. తిప్పే పట్టిక ముందే రాసి అందరికీ ఇచ్చెయ్యి. గొడవ జరిగిన మర్నాడు ఎవర్నీ కదపకు, అది శిక్షలా కనపడుతుంది. ఎవరైనా రాకపోతే ఆ గుంపును నువ్వే తీసుకో. చెట్టుకింద విజిల్ పట్టుకుని నిలబడే హెడ్ కోచ్ మాటకు విలువుండదు.

ఎండ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. మన ఊళ్ళు ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి గానీ రోహిణి కార్తె మారలేదు. పొద్దున అయిదున్నరకల్లా మొదలుపెట్టి ఏడున్నరకు ఆపెయ్యి.

ఈ సోమవారమే మొదటి విడత మొదలుపెట్టు. బ్యాకుల కోచ్‌నూ హాఫుల కోచ్‌నూ అటూ ఇటూ మార్చు. ఫార్వర్డుల ఆయన్ను ఈసారికి ఉండనివ్వు, పట్టిక చూసి తన వంతు ఎప్పుడో తెలుసుకుంటాడు. పదిహేను రోజులయ్యాక ఆ నోటు పుస్తకాలు తీసుకుని నందిగామ రా, కూర్చుని చూద్దాం.

ఇట్లు
మీ మావయ్య