ఇంటి వస్తువులపై చిన్న అక్షరములు



పాఠ్యపుస్తకములందలి అక్షరములు పెద్దవి. వానిని పరీక్షలకై చదువుచున్నాము. మన ఆరోగ్యమునకును, ప్రాణమునకును సంబంధించిన అక్షరములు మాత్రము మిక్కిలి చిన్నవి. అవి మాత్రల అట్ట వెనుకను, గ్యాసు సిలిండరు మెడ చెంతను, బిస్కత్తు పొట్లము మూలను, బండి టైరు ప్రక్కను దాగియుండును. వస్తువును కొనువారు పెక్కుమంది. ఆ వ్రాతను చదువువారు కొద్దిమంది. అట్టి వ్రాతలలో కొన్నింటిని చదువు విధమును ఈ పాఠమున తెలుపదలచితిమి.

మన హోసూరు ప్రాంతమువారికి ఈ చదువు మరింత అవసరము. ఇంట తెలుగు, కచేరిలో తమిళము, సంతలో కన్నడము మనకు తరతరముల నుండి అలవాటే. అయితే పొట్లముపై వ్రాత తరచుగా ఈ మూడింటిలో ఏదియు కాదు. ఆహారపు పొట్లములపై వివరములు ఆంగ్లమునగాని, దేవనాగరి లిపిలో హిందీయందుగాని ఉండవలెనని నిబంధన. తక్కిన భాషలలో అదనముగా వేయవచ్చును, వేయక మానవచ్చును. మేము ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున బస్సుల పలకలు, దుకాణముల బోర్డులు అన్నియు తెలుగున నుండుట చూచి సంతసించితిమి. కాని మందుసీసాపై తెలుగు అచటను అరుదే. కనుక ఇది ఎల్లకు ఈవలివారి కష్టము మాత్రమే కాదు. తెలుగు మాత్రమే చదువగల అవ్వయు, ఏ లిపియు నేర్వని తాతయు ఉన్న యింట ఈ వ్రాతలు చదివి చెప్పవలసినవారు మీరే. "దీంట్లో ఏమి రాసుండాది, చూసి చెప్పు నాయనా" అని అవ్వ అడిగినపుడు పొట్లమును త్రిప్పి చూచి, "ఏమీ లేదవ్వా, అంతా ఇంగ్లీషే" అని ఊరకుండుట తగదు.

మొదట మందుల సంగతి చెప్పుదము. మాత్రల అట్టపై తయారైన తేదీయు, గడువు తేదీయు ముద్రింపబడియుండును. గడువు 08/2027 అని యున్నచో 2027 ఆగస్టు మాసపు చివరి దినము వరకు ఆ మందు చెల్లునని అర్థము. ఈ తేదీ తరచుగా అట్ట కొనయందు ఒక్కచోటనే యుండును. పెద్దలు మాత్రలను కత్తిరించునపుడు ఆ కొననే ముందుగా కత్తిరించి పారవేయుట కద్దు. అటుపిమ్మట మిగిలినవి ఏనాటి మాత్రలో తెలియు దారి లేదు. తేదీ లేని కొననుండి కత్తిరించుట మొదలిడిన ఈ చిక్కు రాదు. కొన్ని అట్టలపై నిలువుగా ఒక ఎఱ్ఱగీత కానవచ్చును. అది అలంకారము కాదు. వైద్యుని చీటీ లేనిదే ఆ మందును వాడరాదని దాని భావము. సూక్ష్మజీవులను చంపు యాంటీబయోటిక్ మందులను జనులు తమంత తాము కొని మ్రింగుట మాన్పుటకై కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఈ గీతనుగూర్చి దేశమంతట ప్రచారము చేసినది. గీతకు భాష లేదు. చదువు రాని తాత గూడ దానిని గుర్తింపగలడు.

పసిపిల్లల జ్వరపు మందు విషయమున మరింత మెలకువ కావలెను. పారాసెటమాల్ ద్రవమును ఒకే పేరుతో వేరువేరు బలములలో అమ్ముదురు. ఒక సీసాపై 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములని యుండును, వేరొకదానిపై 5 మిల్లీలీటర్లకు 250 అని యుండును. చంటిబిడ్డలకై చుక్కలుగా వేయు చిన్నసీసాలో ఒక్క మిల్లీలీటరునందే 100 మిల్లీగ్రాములు ఉండును. లెక్క కట్టి చూడుడు: ఈ చుక్కల మందును చెంచాతో 5 మిల్లీలీటర్లు పోసినచో 500 మిల్లీగ్రాములగును. అది మొదటి సీసా చెంచాకు నాలుగింతలు. ఈ మందు మోతాదు మించిన కాలేయము చెడును. పేరు చదివినంత మాత్రమున మందును చదివినట్లు కాదు; పేరు ప్రక్కనున్న అంకెను కూడ చదువవలెను. వంటింటి చెంచాలు ఒకదానికొకటి సరిపోలవు గనుక సీసాతో ఇచ్చిన కొలమూతనే వాడవలెను. వైద్యుడు చెప్పిన మోతాదు ఏ సీసానుగూర్చి చెప్పినదో ఆ సీసాకే వర్తించును.

విరేచనములైనపుడు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొడి సంగతియు ఇట్టిదే. 1971లో తూర్పు బెంగాలు నుండి శరణార్థులు వచ్చి చేరిన బనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగినది. నరములలోనికి ఎక్కించు ద్రవములు చాలకపోగా డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలకొలది ప్రాణములను నిలిపిరి. నేటి పొట్లమున ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాసియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9, మొత్తము 20.5 గ్రాములు ఉండును. ఇది ఒక లీటరు నీటికి సరిపడు పాలు. 200 మిల్లీలీటర్ల నీటికి సరిపడు చిన్న పొట్లములు కూడ కలవు. పెద్ద పొట్లమును ఒక లోటాడు నీటిలో కలిపిన ఉప్పు మితిమీరి బిడ్డకు ప్రమాదమగును. చిన్నదానిని లీటరులో కలిపిన గుణము చాలదు. ఎంత నీటిలో కలుపవలెనో పొట్లముపైననే వ్రాసియుండును. కలిపిన నీటిని ఇరువదినాలుగు గంటలు దాటిన పారబోయవలెను.

ఈ మూడక్షరములను తమ పేరులో చేర్చుకొని, చక్కెర మిక్కుటముగా గల పానీయములు చాలకాలము దుకాణములలో అమ్ముడుపోయినవి. విరేచనములగు బిడ్డకు అతిగా తీపైన పానీయము నిచ్చిన అది ప్రేగులలోనికి నీటిని లాగి రోగమును పెంచును. ఆ పేరు తీసివేయవలెనని హైదరాబాదునందలి శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ పెక్కేండ్లు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరున ఆహార భద్రతా ప్రమాణముల ప్రాధికార సంస్థ, పానీయముల పేర్లలో ఆ అక్షరములను వాడరాదని ఆజ్ఞాపించినది. ముందువైపు పెద్ద అక్షరములు అమ్మువాని మాట; వెనుకవైపు చిన్న అక్షరములు చట్టము పలికించిన మాట. రెండింటికి పొత్తు కుదరనపుడు వెనుకదానినే నమ్మవలెను.

ఇక వంటయిల్లు. గ్యాసు సిలిండరు తలపై గుండ్రని పట్టును మోయుచు మూడు ఇనుప పట్టీలు ఉండును. ఒక పట్టీ లోపలివైపున ఒక ఆంగ్లాక్షరమును, రెండంకెలును కానవచ్చును. ఏ అనగా జనవరి మొదలు మార్చి వరకు, బి అనగా ఏప్రిల్ మొదలు జూన్ వరకు, సి అనగా జూలై మొదలు సెప్టెంబరు వరకు, డి అనగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. అంకెలు సంవత్సరమును తెలుపును. బి-29 అని యున్న 2029 జూన్ లోపల ఆ సిలిండరును తిరిగి పరీక్షింపవలెనని భావము. ఇది లోపలి గ్యాసునకు గడువు కాదు, ఉక్కుతొట్టికి గడువు. గడువు దాటినదానిని తెచ్చిన వెంటనే త్రిప్పి పంపవచ్చును. పట్టీపైననే ఖాళీ సిలిండరు బరువు కూడ ఉండును. అది 15.3 కిలోలైన, దానికి గ్యాసు బరువు 14.2 కలిపి 29.5 కిలోలు తూగవలెను. తెచ్చినవానిని తూచి చూపుమని అడుగుట మన హక్కు. అందు మొగమాటము వలదు.

ఈ గ్యాసునకు స్వతహాగా వాసన లేదు. లీకైనచో తెలియుటకే దుర్వాసన గల పదార్థమును అందు కలుపుదురు. గాలికంటె బరువైనది గావున అది నేలబారున పేరుకొనును. వాసన వచ్చినపుడు రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరచి, అందరును వెలుపలికి రావలెను. దీపపు స్విచ్చు వేయరాదు, వెలుగుచున్నదానిని ఆర్పనురాదు. రెండింటను నిప్పురవ్వ పుట్టును. వెలుపలికి వచ్చిన పిమ్మటనే 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ నాలుగంకెలను వంటింటి తలుపుపై సుద్దతో వ్రాసియుంచిన మేలు.

మన ప్రాంతమున గులాబీ తోటలు, టమాట చేలు మెండు. అందుచే పురుగుల మందు డబ్బాలు పెక్కిండ్ల వసారాలలోనికి వచ్చి చేరినవి. వానిపై మూల మీద నిలిపిన చతురస్రమొకటి యుండును. దాని దిగువ సగమునకు వేసిన రంగు విషపు తీవ్రతను తెలుపును. ఎఱుపు అత్యంత విషము. పిమ్మట పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తగ్గును. ఇచట ఒక సందేహమునకు తావు కలదు. ఆహారపు పొట్లముపై ఆకుపచ్చ చదరములో ఆకుపచ్చ చుక్క శాకాహారమునకు గుర్తు. గోధుమరంగు ముక్కోణము మాంసాహారమునకు గుర్తు. ఆ అలవాటుతో పురుగుల మందుపై ఆకుపచ్చను చూచి ఇది హానిలేనిదని తలచిన పొరపాటగును. అదియు విషమే, తక్కినవానికంటె తీవ్రత తక్కువ, అంతియే. మిగిలిన మందును చల్లని పానీయపు సీసాలో పోసి దాచు అలవాటు కొన్నిచోట్ల కలదు. అట్లు చేసిన రంగు పోవును, వ్రాతయు పోవును, సీసా మాత్రము దప్పిగొన్న బిడ్డను పిలుచును.

తినుబండారపు పొట్లములపై పదార్థములను బరువునుబట్టి వరుసగా వ్రాయుదురు. ఎక్కువగా నున్నది మొదట వచ్చును. గోధుమ బిస్కత్తని ముందు వ్రాసి, వెనుక మైదాను మొదట పేర్కొన్నచో ఆ గోధుమ ఎంతటిదో మీరే గ్రహింపుడు. నూరు గ్రాములకు చక్కెర 25 గ్రాములని యున్న, అది సుమారు ఐదు చెంచాలు. ఈ సంగతి తెలిసినంతనే తినుట మానుదురని మేము అనుకొనము గాని, లెక్క తెలిసి తినుట వేరు. గడువు మాటలు రెండు విధములు. ఈ తేదీలోపల బాగుండును అనునది రుచికి, నాణ్యతకు సంబంధించినది. ఈ తేదీలోపల వాడుము అనునది క్షేమమునకు సంబంధించినది. రెండవది దాటినదానిని తినరాదు.

విద్యుత్తు పరికరములకు ఒక చిన్న గుణకారము చాలును. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో హెచ్చించిన 1380 వాట్లు. నీళ్లు కాచు కడ్డీపై 1500 అని యున్న దానిని 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుననే పెట్టవలెను.

బండి టైరు ప్రక్కన కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉండును. 3523 అనగా 2023వ సంవత్సరపు 35వ వారమున చేసినదని. క్రొత్తదని చెప్పి పాత టైరును అంటగట్టువానికి ఈ అంకెలను చూపిన చాలును. కారులో గాలి ఎంత ఉండవలెనో నడుపువాని తలుపు చెంత చీటీపై ఉండును. టైరుపైనున్న పెద్ద అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, నింపవలసిన కొలత కాదు. టైరు చల్లగానున్నపుడే గాలి చూడవలెను.

ఈ వారము మీరు చేయవలసిన పని: ఇంటనున్న మందులన్నింటి గడువులను పెద్దల యెదుట చదివి, ప్రతి సీసాపైన కాగితము అంటించి, ఆ మందు ఎందులకో, ఎవరిదో, ఎప్పటి వరకు చెల్లునో పెద్ద తెలుగు అక్షరములతో వ్రాయుడు. అసలు వ్రాత కాగితము క్రింద కప్పబడకుండ చూచుకొనుడు. సిలిండరు పట్టీపై అక్షరమును, అంకెలను నోటు పుస్తకమున ఎక్కించి సోమవారము తరగతికి తీసికొని రండు.