పబ్బులో మీ వంతు

పోయిన జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం, లీడ్స్ స్టేషన్ దగ్గరి పబ్బులో ముగ్గురు తెలుగు పిల్లలు కిటికీ పక్క బల్ల చూసుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలైనా ఎవరూ వచ్చి ఏం కావాలని అడగలేదు. ఒకడు చెయ్యెత్తి చిటిక వేశాడు. బార్ వెనకున్న అమ్మాయి ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ తన పనిలో పడింది. "మనం ఇండియన్సని కావాలనే రావట్లేదురా" అన్నాడు రెండోవాడు. పక్కబల్ల దగ్గరున్న ఈ వ్యాసకర్త లేచి వెళ్ళి, ఇక్కడ బల్ల దగ్గరికి ఎవరూ రారని, మనమే బార్ దగ్గరికెళ్ళి అడిగి, డబ్బు కట్టి, గ్లాసులు తెచ్చుకోవాలని చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ కిందట రెడింగ్‌లో ఈయన కూడా అలాగే అరగంట కూర్చుని, అదే అనుమానంతో లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు చెప్పేవాళ్ళు లేరు.

ఇంగ్లండ్ వచ్చే మన పిల్లలు వీసా గురించి, గది గురించి, బ్యాంకు ఖాతా గురించి వంద వీడియోలు చూసి విమానం ఎక్కుతారు. సాటి మనుషులతో కూర్చునే చోటు గురించి మాత్రం ఒక్క ముక్క తెలుసుకోరు. అందుకే ఈ రాత.

సులువైనవి ముందు. వయసు 18 నిండాలి. పాతికేళ్ళ లోపులా కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు, దానికి కోపం తెచ్చుకోవద్దు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. సగం అడిగినా ఎవరూ చిన్నచూపు చూడరు. విస్కీ, జిన్ లాంటివి 25 లేదా 35 మిల్లీలీటర్ల కొలతలో పోస్తారు, మన 'నైంటీ' లెక్క అక్కడ చెల్లదు. లోపల సిగరెట్ కాల్చడం ఇంగ్లండ్‌లో 2007 జూలై నుంచి నిషేధం. బార్ దగ్గర టిప్పు ఇవ్వనక్కర్లేదు. చాలా పబ్బుల్లో వంటిల్లు రాత్రి తొమ్మిదికే మూసేస్తారు. మూసే ముందు గంట కొడితే, ఆఖరి గ్లాసు అడగడానికి అదే సమయమని అర్థం.

కారు తాళాలు జేబులో ఉంటే గ్లాసు ముట్టుకోవద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు ఇంగ్లండ్‌లో 80 మిల్లీగ్రాములు, స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటి నడిపినట్టు కోర్టులో తేలితే మామూలుగా కనీసం ఏడాది పాటు లైసెన్సు పోతుంది. అది నేరంగా నమోదవుతుంది, తర్వాత వీసా దరఖాస్తులో చెప్పుకోవాల్సి వస్తుంది. "ఒక్క పైంటే కదా" అనేవాళ్ళకు ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

హైదరాబాదులో పబ్బంటే చీకటి, రంగురంగుల లైట్లు, చెవులు చిల్లులు పడే పాటలు. ఊళ్ళల్లో తాగే చోటంటే వైన్స్ పక్కన పర్మిట్ రూమ్, గుమ్మం దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకోవడం. ఆ బిడియం ఊరికే పుట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది, 1997లో అది సడలిపోయింది. తాగుడు కూల్చిన ఇళ్ళు మన కళ్ళ ముందున్నాయి. అలాంటి నేల నుంచి వచ్చినవాళ్ళకు, ఆదివారం మధ్యాహ్నం పబ్బులో ఒక ముసలమ్మ కుక్కను కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని టీ తాగుతుంటే వింతగా ఉంటుంది. తాగనివాళ్ళు కూడా నిశ్చింతగా కూర్చోగలిగే చోటది. తాగరు కాబట్టి వెళ్ళనవసరం లేదనుకోవడం పెద్ద పొరపాటు.

బార్ దగ్గర వరస కనిపించదు, కానీ ఉంటుంది. ఎవరు ముందొచ్చారో ఎవరు తర్వాతో అక్కడ నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు, పోసేవాళ్ళకూ తెలుసు. ఇంగ్లిషువాళ్ళ నడవడిని పరిశోధించిన కేట్ ఫాక్స్ అనే మానవశాస్త్రవేత్త విదేశీ యాత్రికుల కోసం 1996లో పబ్బు మర్యాదల మీద ఒక పుస్తకమే రాసింది. చెయ్యి ఊపకూడదు, నోటు ఆడించకూడదు, "హలో బాస్" అని కేకెయ్యకూడదు. బార్ మీద మోచెయ్యి ఆనించి, పోసేవాళ్ళ వైపు చూస్తూ ఉంటే చాలు. ఎవరైనా పొరపాటున మిమ్మల్నే ముందు అడిగితే, పక్కాయన్ని చూపించి "ఆయన ముందు" అనండి. మంచి సేవ ఏదో తేల్చేది కూడా ఇక్కడే. నాలుగు గ్లాసులు నింపుతూనే "తర్వాత మీరే" అని కంటితో చెప్పేవాళ్ళున్న పబ్బు మంచిది. ఎదురుగా మనుషులుండగా ఫోను చూసుకునేవాళ్ళున్న పబ్బు మంచిది కాదు.

ఇక ఇండియన్సని కావాలనే రావట్లేదన్న ఆ అనుమానం సంగతి. దానికి ఆధారం లేకపోలేదు. 1960లలో బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో కొన్ని పబ్బులు భారతీయులకు కొన్ని గదుల్లో పొయ్యబోమని తెగేసి చెప్పేవి. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు, ఇనుము పోత కార్ఖానా కార్మికుడు అవతార్ సింగ్ జౌహల్ దాన్ని ఎదిరించి పోరాడాడు. ఆ సంఘం పిలుపు మీద 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చి, జౌహల్‌తో కలిసి బ్లూ గేట్స్ పబ్బుకు వెళ్ళాడు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన్ని కాల్చి చంపారు. జాతి, రంగు చూసి పబ్బులాంటి బహిరంగ స్థలాల్లో వివక్ష చూపడాన్ని ఆ ఏడాదే చట్టం నిషేధించింది. ఇవాళ అదే ప్రాంతంలో పంజాబీలు నడిపే దేశీ పబ్బుల్లో తెల్లవాళ్ళు, మనవాళ్ళు ఒకే బల్ల దగ్గర తందూరీ ముక్కలు తింటున్నారు. మిడ్‌లాండ్స్‌లో దిగినవాళ్ళు ఒక్కసారైనా వెళ్ళి చూడాలి. ఆ కార్మికులు దెబ్బలు తిని తెరిపించిన తలుపది. వివక్ష ఇప్పుడు లేదని కాదు. ఎదురైతే నిలదీయాల్సిందే. కానీ తెలియని పద్ధతిని అవమానమని పొరబడి మూల కూర్చోవడం వేరు, నిజమైన అవమానం వేరు.

బీరు విషయంలో మనవాళ్ళు మొదట అనే మాట "వెచ్చగా ఉంది". వెచ్చగా ఏమీ ఉండదు. చేతిపంపుతో తోడిపోసే కాస్క్ ఏల్ పీపాలో చేరాక కూడా ఈస్టుతో పులుస్తూనే ఉంటుంది. నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఐసుగడ్డలా చల్లబరిస్తే రుచి చచ్చిపోతుంది. పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి ఎలా తిరిగిపోతుందో మనకు తెలుసు. ఈ పీపా కూడా తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ కావాలి. గ్లాసు అందగానే వెలుతురుకు ఎత్తి చూడండి, వాసన పీల్చండి, ఒక గుటక వెయ్యండి. వెనిగర్‌లా పులుపు తగిలితే గ్లాసు వెనక్కి తీసుకెళ్ళి మెల్లగా చెప్పండి. మంచి పబ్బు మారుమాట లేకుండా మారుస్తుంది. వాదనకు దిగే పబ్బుకు మళ్ళీ వెళ్ళొద్దు. కొనే ముందు కొంచెం రుచి చూపించమని అడగొచ్చు. పంపు మీది పేరు పలకను వెనక్కి తిప్పి పెట్టారంటే ఆ రకం అయిపోయిందని. యార్క్‌షైర్‌లో గ్లాసు పైన మీగడలా నురుగు ఉండాలంటారు, లండన్ వైపు అంత నురుగు ఉంటే నింపమంటారు. ఈ ఏల్ బతికి ఉందంటే 1971లో మొదలై, 1974 నుంచి గుడ్ బీర్ గైడ్ అచ్చేస్తున్న కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం పుణ్యం చాలా ఉంది. శాకాహారులకు ఒక మాట: ఈ ఏల్‌ను తేటపరచడానికి చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడటం పాత పద్ధతి. పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తాగాలి.

తిండిలో కూడా అడగడానికి సిగ్గుపడొద్దు. బంగాళాదుంప చిప్స్ శాకాహారమే అనుకుంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల వాటిని గొడ్డుకొవ్వులో వేయిస్తారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ తీపి కాదు, పిండి, గుడ్డు, పాలు కలిపి కాల్చిన బూరె లాంటిది. దాని మీద పోసే గ్రేవీ చాలాసార్లు మాంసం రసమే. ఆదివారం రోస్టు తినాలంటే ముందే బల్ల చెప్పుకోవాలి. ప్లౌమన్స్ లంచ్ అని రొట్టె, చీజ్, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయ ఇస్తారు. ఆ ఉల్లిపాయ కొరికినప్పుడల్లా జాడీలో మాగాయ, పక్కన చద్దన్నం గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. పద్దెనిమిదేళ్ళయినా అది తగ్గలేదు.

ఇప్పుడు అసలు విషయం. రౌండు.

రెడింగ్‌లో కొత్త ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం టీములో ఐదుగురు పబ్బుకు బయల్దేరుతూ ఈ వ్యాసకర్తను కూడా రమ్మన్నారు. బీరు అలవాటు లేదు, ఆరెంజ్ జ్యూస్ అడిగాడు. ఒకరు లేచి ఆరు గ్లాసులు తెచ్చారు. కాసేపటికి ఇంకొకరు లేచి అందర్నీ అడిగి ఆరు తెచ్చారు. మూడోసారి ఇంకొకరు. ఎనిమిదింటి బస్సుకని అందరికీ థాంక్స్ చెప్పి వచ్చేశాడు. మన దగ్గర రమ్మన్నవాడే కడతాడు, పార్టీ ఎవరిదో బిల్లు వాళ్ళది. ఇదీ అంతే అనుకున్నాడు. తర్వాతి శుక్రవారం కూడా అలాగే జరిగింది. మూడో శుక్రవారం పిలవలేదు. నాలుగోదీ లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, గుడ్ మార్నింగులు మామూలుగానే ఉన్నాయి. కానీ మధ్యాహ్నం భోజనం ఒంటరిగా, కంప్యూటర్ ముందు. ఇంటికి ఫోన్ చేసి అక్కతో "ఇక్కడ మనల్ని మనుషుల్లా చూడరే" అన్నాడు. ఐదు నెలలు గడిచాక, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ ఒక వేల్స్ పెద్దాయన లిఫ్టు దగ్గర ఆపి, "నీ రౌండు, అదే, నువ్వు అందరికీ కొనే వంతు, ఇంకా బాకీ ఉంది బాబూ, ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. ఆ వారం ఈయనే ముందు బార్ దగ్గరికి నడిచాడు. ఆరు గ్లాసులు ట్రేలో పట్టుకొస్తుంటే బల్ల దగ్గర చోటు జరిపారు. ఆ ఐదు నెలలు మాత్రం తిరిగి రాలేదు.

రౌండు ఎగ్గొట్టకండి. తాగినా, తాగకపోయినా ఎగ్గొట్టకండి.

ఈ మాటే లీడ్స్ పిల్లలకు చెబితే, వరంగల్ నుంచి వచ్చిన అబ్బాయి "నేను తాగనే తాగను గదన్నా, నేనెందుకు కొనాలె?" అన్నాడు. నీకు జ్యూస్ తెచ్చింది ఎవరు తమ్ముడూ? నువ్వు జ్యూస్ తాగావా బీరు తాగావా అని వాళ్ళు లెక్క వెయ్యరు. నీ వంతు వచ్చినప్పుడు లేచావా లేదా అన్నదే చూస్తారు. "ఆరుగురికి ముప్పై పౌండ్లు దాటుతయన్నా, అంటే మూడు వేల పైన" అన్నాడు వాడు మళ్ళీ. అప్పు చేసి వచ్చి, చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయడానికి వీలున్న పిల్లాడి బాధ అది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దానికీ దారి ఉంది. మొదట్లోనే "ఇవాళ నాది నేనే కొనుక్కుంటాను" అని చెప్పేయాలి. ఎవరూ ఏమీ అనుకోరు. లేదా ఇద్దరు ముగ్గురితో చిన్న రౌండులో చేరాలి. తాగని వాళ్ళు లైమ్ అండ్ సోడా అడగొచ్చు, చవక. నాలుగు గ్లాసులు ఊరికే తాగి బస్సు పేరు చెప్పి లేవడం మాత్రం తప్పు. తొందరగా వెళ్ళాల్సినవాళ్ళు మొదటి రౌండే కొనేయాలి.

గ్లాసులు అడుగు పట్టేదాకా ఆగకుండా, మూడో వంతు మిగిలి ఉండగానే లేచి "ఎవరికేం కావాలి" అని అడగండి. మరిచిపోతామనుకుంటే ఫోనులో రాసుకోండి. జాబితాలో గిన్నిస్ ఉంటే దాన్ని ముందు చెప్పండి, అది కుదుటపడటానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. చిప్స్ పొట్లం తెస్తే పక్క చింపి బల్ల మధ్యలో పరవండి. ఎవరి డబ్బు వాళ్ళ దగ్గర వసూలు చేయొద్దు, ఫోనులో పంపమని అడగొద్దు. రౌండు ఎంత పాతుకుపోయిన అలవాటంటే, మొదటి ప్రపంచయుద్ధంలో జనం మితిమీరి తాగి ఆయుధాల పని కుంటుపడుతోందని 1915లో ప్రభుత్వం చాలా చోట్ల ఒకరికొకరు కొనివ్వడాన్నే నిషేధించింది. యుద్ధం ముగిశాక అది మళ్ళీ మొలిచింది.

మనకిది కొత్తేమీ కాదు. కరీంనగర్ దగ్గరి ఊళ్ళో ఈ వ్యాసకర్త తాత, పొద్దుగూకే వేళకు తాటివనంలో రేక పట్టి కల్లు తాగుతూ, గుడాలు నములుతూ "ఇయ్యాల నాది, రేపు నీది" అనేవాడు. ఆ వంతు ఏ రోజూ తప్పలేదు. ఇరానీ చాయ్ దగ్గర "ఈ చాయ్ నాది" అని పోట్లాడే మనవాళ్ళు, పౌండును రూపాయల్లోకి మార్చుకునేసరికి మూగబోతారు. చలికాలం నాలుగింటికే చీకటిపడే ఊళ్ళో, మనిషి తోడు ఆ మూడు వేల కంటే ఎక్కువ అవసరం.

ఇంగ్లండ్‌లో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు ఒక మనవి. కొత్త పిల్లలు దిగగానే పప్పు, బియ్యం, సిమ్ కార్డు ఇప్పించి చేతులు దులుపుకోకండి. ఒక శుక్రవారం పబ్బుకు వెంటబెట్టుకెళ్ళండి. లోపలికి అడుగు పెట్టే ముందే, గుమ్మం బయట ఆపి రౌండు సంగతి చెప్పండి.