సంతకు పోలేని భయము

రంపచోడవరము వంటి మన్యసీమలో వారపు సంత కేవలము బేరసారములకే కాదు. కొండరెడ్లును కోయలును చింతపండు, కొండచీపుళ్లు అమ్ముకొని ఉప్పు, బట్టలు కొనుటకును, బంధువులను కలిసికొనుటకును అదియే చోటు. అట్టి సంతకు పోవుటకే ఒకరు జడిసి ఇల్లు పట్టినచో, ఆ కుటుంబమునకు రాబడి తగ్గును. ఆ మనిషికి ఆస్పత్రియు దూరమగును. ఈ భయమును గూర్చి పంచాయతీ సభ్యులకు కొన్ని సంగతులు తెలుపదలచితిమి.

ఇది ఒక వ్యాధి. 1871లో కార్ల్ వెస్ట్‌ఫాల్ అను జర్మను వైద్యుడు దీనికి 'అగోరాఫోబియా' అని పేరిడెను. గ్రీకు భాషలో 'అగోరా' అనగా జనులు కూడు సంతబయలు. బస్సు ప్రయాణము, జనసమ్మర్దము, మూసిన గది, విశాలమైన బయలు, ఒంటరిగా ఇల్లు వదలుట: వీనిలో కొన్నింటికి రోగి నెలల తరబడి వెరచి తప్పుకొనుచుండును. అచ్చట తనకేమైన జరిగినచో బయటపడలేనని, ఆదుకొనువారు ఉండరని అతని బెదురు. గుండె దడ, చెమట, కండ్లు తిరుగుట కలుగును. దీనిని గాలి సోకినదనియో, సోమరితనమనియో తలచుట పొరపాటు.

ఇట్టి దడ సాధారణముగా కొద్ది నిమిషములలో హెచ్చి, పిమ్మట తనంతట తానే తగ్గును. అది తగ్గకముందే ఇంటికి పరుగెత్తినచో, ఇల్లు చేరుటచేతనే బ్రదికితినని మనస్సు నమ్మును. మరునాడు భయము మరింత బలపడును. కావున మెట్టు మెట్టుగా ఎదుర్కొనుటయే ముఖ్యమైన చికిత్స. మొదట వీధి చివరకు, పిమ్మట బస్సు ఆగు చోటికి, తరువాత సంత అంచునకు, కడపట సంత నడుమకు పోవలెను. ప్రతి మెట్టునందును భయము తగ్గువరకు నిలువవలెను. మొదట తోడు ఉండి, క్రమముగా ఆ తోడును తగ్గింపవలెను.

రక్తహీనత, థైరాయిడు, గుండెజబ్బుల వలనను దడ కలుగవచ్చును గనుక ముందుగా వైద్యపరీక్ష చేయింపవలెను. అవసరమైనచో వైద్యులు మందులిత్తురు. సారాతో భయమును అణచుట కీడునకు మూలము.

సభ్యులు ఆశా కార్యకర్తతో కూడి అట్టివారి ఇంటికి పోయి పలుకరింపవలెను. బలవంతముగా ఈడ్చుకొని పోరాదు, ఎగతాళి చేయనీయరాదు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ వారు 14416 నంబరునందు రాత్రింబవళ్లు ఉచితముగా సలహా ఇత్తురు. సిగ్నలు అందని పల్లెలలో, ఇల్లు కదలలేని వానికి మారుగా ఇంటివారు పోయి మాటలాడవచ్చును. ప్రభుత్వ వైద్యశాలలలో మానసిక చికిత్స పొందుట 2017 నాటి చట్టము ఇచ్చిన హక్కు.

చాల నాళ్లుగా సంతలో కానరాని వారెవరో ఈ వారమే సభ్యులు విచారింతురు గాక.