కనబడని దానికి సాక్షి

అనకాపల్లి జిల్లాలో చీడికాడ యను గ్రామము కలదు. 2022వ సంవత్సరమునకు పూర్వము అది విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ ప్రాంతమున వరి వెన్ను వేసి గింజ గట్టిపడు దినములలో రైతునకు నిద్ర పట్టదు. రాత్రివేళ గట్లలోని బొరియల నుండి ఎలుకలు వెలువడి, వెన్నులను కొరికి లోనికి చేరవేసికొనును. తెల్లవారుసరికి చేను నడుమ మొదళ్లు మాత్రమే మిగిలియుండును.

ఆ కటికచీకటిలో ఒక ఎలుక జాడను మరియొక ఎలుక ఎట్లు తెలిసికొనును? ముక్కుతోనే. ఎలుక తాను తిరుగు దారిలో మూత్రపు బొట్లను విడుచును. విడిచినది ఆడుదో మగదో, ఎరిగినదో క్రొత్తదో ఆ వాసనను బట్టి తక్కినవి గ్రహించును. ఒకే జాతి ప్రాణుల నడుమ ఇట్లు వార్తను మోయు ద్రవ్యములకు 1959లో కార్ల్‌సన్, ల్యూషర్ అను శాస్త్రజ్ఞులు ‘ఫెరోమోనులు’ అని పేరిడిరి.

ఇట్టి వార్తల నందుకొనుటకు ఎలుక ముక్కు అడుగుభాగమున రెండు సన్నని గొట్టములు కలవు. డెన్మార్కు దేశీయుడగు జాకబ్సన్ 1813లో వీనిని వర్ణించెను. అందుచే వీనిని జాకబ్సన్ అవయవ మందురు. అందలి నాడీకణములపై ‘గ్రాహకములు’ అను మాంసకృత్తులుండును. తాళమునకు తగిన చెవి పడినట్లు, తగిన ఫెరోమోను తగిలినప్పుడే గ్రాహకము మేల్కొనును; అంతట మెదడునకు వార్త చేరును. ఇట్టి గ్రాహకములను నిర్మించునవిగా తోచిన జన్యువుల కుటుంబము నొకదానిని 1995లో కేథరిన్ డ్యూలాక్, రిచర్డ్ ఆక్సెల్ అనువారు ఎలుకలలో కనుగొనిరి.

కాని గ్రాహకము మిక్కిలి సూక్ష్మమైనది. సామాన్యమైన సూక్ష్మదర్శినికి కనబడదు. కనబడని దానికి సాక్షి కావలెను. ఆ సాక్షియే ‘ప్రతిరక్షకము’. రోగక్రిములను పట్టుటకు మన దేహము చేసికొను మాంసకృత్తు కూడ ఇట్టిదే. గ్రాహకములోని చిన్న తునకను కుందేలునకు సూదితో ఎక్కింపగా, కొన్ని వారములకు దాని నెత్తుటిలో ఆ తునకను పట్టుకొను ప్రతిరక్షకములు పుట్టును. వానిని వేరుపరచి, ఎలుక అవయవమునుండి కోసిన పలుచని పొరపై వేయుదురు. అవి గ్రాహకమున కంటుకొనును. పిదప వానిని పట్టుకొనునట్టిదియు, వెలుగునిచ్చు రంగు గలదియు నగు రెండవ ప్రతిరక్షకమును చేర్తురు. అప్పుడు గ్రాహకమున్న చోటు సూక్ష్మదర్శినిలో మెరయును.

మెరసినంతనే నమ్మవచ్చునా? నమ్మరాదు. చిట్టెలుకలో ఇట్టి గ్రాహకములు వందలకొలది కలవు. వానిలో పెక్కు అన్నదమ్ముల వలె పోలికలు గలవి. సాక్షి తమ్ముని చూచి అన్న యని చెప్పవచ్చును. కావున సాక్షినే పరీక్షింపవలెను. మొదటి ప్రతిరక్షకమును మాని రెండవదానిని మాత్రమే వేసి చూతురు. ఆ గ్రాహకపు జన్యువును తొలగించిన చిట్టెలుక పొరపై రెండింటిని వేసి చూతురు. ఈ రెండు చోట్లను మెరపు కనబడరాదు. కనబడినచో సాక్ష్యము చెల్లదు. దానిపై కట్టిన నిర్ణయములు కూలును. ఏండ్ల శ్రమయు, ప్రయోగమునకై బలియైన ప్రాణులును వ్యర్థమగును.

ఏ గ్రాహకము ఏ వాసనకు మేల్కొనునో నిశ్చయముగ తెలిసినచో, విషము లేకయే ఎలుకను బోనునకు రప్పించు వాసనను వెదకుట సులభమగును. తప్పుడు సాక్ష్యమును నమ్మి వెదకినచో, రైతు గింజ బొరియకే చేరును. బాలబాలికలారా! మీ మనసునకు నచ్చిన ఋజువు దొరికిన దినముననే దానిని మరియొకమారు పరీక్షింపుడు.