ప్రళయ కావేరి: చూచి నేర్వదగిన పాఠము

పిల్లలకు లోకము చూపుటకై దూరదేశములకు పోనక్కరలేదు. మన తిరువళ్ళూరు జిల్లాలోనే, పొన్నేరికి తూర్పున, తమిళులు పళవేర్కాడనియు, ఆంగ్లేయులు పులికాటనియు పిలుచు సరస్సు కలదు. మన పెద్దలు దానిని ప్రళయ కావేరి యనిరి. ఉప్పునీరు, మంచినీరు కలియు సరస్సులలో, మన దేశమున చిల్క తరువాత పెద్దది యిదియే.

ఆరణి, కాళంగి నదుల మంచినీరును, ముఖద్వారమున వచ్చు సముద్రజలమును ఇందు కలియును. రొయ్యపిల్లలు సముద్రమునుండి లోనికి వచ్చి పెరిగి, మరల సముద్రమునకు పోవును. కావున ముఖద్వారమున ఇసుక మేటవేసినచో జాలరుల జీవనమే చెడును.

ఇచ్చటి జాలరులలో ‘పాడు’ అను కట్టుబాటు తరతరములుగా నున్నది. మన భాషలో ఆ మాటకు అర్థము వేరు. ఇచ్చట వేటచోటని భావము. హక్కుగలవారు చీట్లు వేసికొని, వంతులవారీగా ఆయాచోట్ల వలలు పన్నుదురు. మంచిచోటు ఒక్కనిదే కాకుండుటకు ఇది యుపాయము.

హవాయి ద్వీపమందలి కలోకో అనుచోట పూర్వులు సముద్రతీరమున రాతిగోడ కట్టి చేపలచెరువు నేర్పరచిరి. దాని తూమునకు సన్నని సందులుగల తలుపుండును. చిన్నచేపలు లోనికి వచ్చును. పెరిగినవి వెలికి పోజాలవు. అమెరికా ప్రభుత్వము 1978లో ఆ ప్రదేశమును జాతీయ చారిత్రకోద్యానముగా నేర్పరచి రక్షించుచున్నది. చేపలచెరువులు, ప్రాచీన నివాసస్థలములు అచ్చట చూడవచ్చును.

పళవేర్కాడునను చరిత్ర కలదు. డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను కట్టి, కోరమండల వస్త్రవ్యాపారమునకు దానిని కేంద్రము చేసికొనిరి. 1690లో వారి ముఖ్యస్థానము నాగపట్టణమునకు మారెను. కోట శిథిలమైనది. చెక్కడపు రాళ్ళుగల డచ్చి శ్మశానవాటికను పురావస్తుశాఖవారు కాపాడుచున్నారు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరిన సంగతి మీరెరుగుదురు. ఈ సరస్సును రెండు రాష్ట్రములది. అధికభాగము ఆంధ్రప్రదేశమున, దక్షిణపు కొస తమిళనాడున నున్నవి. ఎల్లలు నేలకే గాని నీటికి లేవు. పళవేర్కాటి ముఖద్వారము పూడినచో ఉభయులకును నష్టమే.

తల్లిదండ్రులారా! చలికాలమున, రాజహంసలు వచ్చు దినములలో, పిల్లలనచ్చటికి గొనిపొండు. పడవ మాత్రము ఎక్కింపవలదు. 2011 డిసెంబరు 25న అచ్చట పడవ మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఒడ్డుననుండియే చూడవలసినది చాలగలదు. చేపల పేర్లు, వలల పేర్లు జాలరులనడిగి తమిళమునను, ఇంటిపెద్దలనడిగి తెలుగునను వ్రాయింపుడు. ప్రళయ కావేరి యను పేరు మన యిండ్లలో పలికిన నాళ్ళే నిలుచును.